మట్టాంచేరి వీధుల్లో సామరస్యం, సమానత్వం

పాత పట్టణాలను కాలినడకన చూడటం ఇటీవలి కాలంలో దేశమంతటా ఒక అభిరుచిగా మారింది. ముంబైలో కాలాఘోడా, కోల్‌కతాలో కుమార్‌టులి, హైదరాబాదులో చార్మినారు పరిసరాలు ఇందుకు ఉదాహరణలు. కేరళలోని ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరిలకు ఈ వరుసలో ఒక ప్రత్యేకత ఉంది. నాలుగైదు చదరపు కిలోమీటర్ల నేలలో ముప్పైకి పైగా సముదాయాలు పక్కపక్కనే జీవించాయని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. మలయాళీలు, కొంకణీలు, గుజరాతీలు, కచ్ఛీ మెమన్లు, దఖ్నీ ముస్లింలు, యూదులు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు ఈ సన్నని వీధుల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. మతం పేరిట దేశం చీలికలు పేలికలవుతున్నదని కలత చెందేవారికి ఈ పేట ఒక ఊరట.

ఆ ఊరట అబద్ధం కాదు, కానీ అది చరిత్రలో సగం మాత్రమే. కలిసి బతకడం వేరు, సమానంగా బతకడం వేరు. మొదటిదాన్ని మట్టాంచేరికి వర్తకం తెచ్చిపెట్టింది. రెండవదాన్ని ఇక్కడి మనుషులు పోరాడి సాధించుకోవలసి వచ్చింది. ఈ తేడాను గ్రహించాలంటే ఈ వీధుల్లో కొంచెం నిదానంగా నడవాలి.

1341లో పెరియార్ నదికి వచ్చిన పెనువరద ప్రాచీన ముజిరిస్ రేవును పూడ్చివేసి, కొచ్చి వద్ద సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచిందని సంప్రదాయం చెబుతుంది. మిరియాల కోసం వచ్చిన పోర్చుగీసులు 1503లో ఇక్కడ కోట కట్టారు. వాస్కో డ గామా 1524లో ఈ ఊళ్లోనే మరణించాడు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఖననం చేసిన అతని అవశేషాలను 1539లో స్వదేశానికి తరలించారు. 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు ఈ రేవును వశపరచుకున్నారు. మచిలీపట్నంలో డచ్చి సమాధులను చూసిన తెలుగువారికి ఫోర్ట్ కొచ్చిలోని డచ్చి శ్మశానం కొత్తగా అనిపించదు. రెండు తీరాల మీద వ్యాపారం సాగించిన కంపెనీ ఒక్కటే.

నడకను మట్టాంచేరి రాజప్రాసాదం నుంచి మొదలుపెట్టడం ఉచితం. దీనిని డచ్చి ప్యాలెస్ అంటారు కానీ కట్టినవారు పోర్చుగీసులు. 16వ శతాబ్దం మధ్యలో దీనిని నిర్మించి కొచ్చి రాజుకు కానుకగా సమర్పించారు. తరువాత డచ్చివారు మరమ్మతులు చేయించడంతో ఆ పేరు స్థిరపడింది. లోపలి గోడల మీది రామాయణ చిత్రాలు కేరళ కుడ్యచిత్రకళకు గొప్ప నిదర్శనాలు. ప్రాసాదాన్ని ఆనుకుని పళయన్నూర్ భగవతి ఆలయం ఉంది. ఆ పక్కనే, రాజు ఇచ్చిన స్థలంలో 1568లో కట్టిన పరదేశి యూదుల ప్రార్థనాలయం ఉంది. రాజు నివాసం, దేవి గుడి, యూదుల మందిరం ఇంత దగ్గరగా నిలిచిన దృశ్యం ప్రపంచంలో అరుదు. 1662లో పోర్చుగీసులు ఆ మందిరాన్ని ధ్వంసం చేస్తే, రెండేళ్లకే డచ్చివారి ఏలుబడిలో అది మళ్లీ లేచింది. ఐరోపాలో యూదులను తరిమివేస్తున్న కాలంలో కొచ్చి రాజులు వారికి నీడనిచ్చారన్నది తిరుగులేని సత్యం. 1968లో మందిరం నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి నాటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా హాజరయ్యారు.

మందిరంలోకి అడుగుపెట్టిన యాత్రికుడి చూపు కింద పరిచిన నీలి, తెలుపు చైనా పలకల మీద, పైన వేలాడే గాజు దీపాల మీద నిలుస్తుంది. ఆ పలకల మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. పరదేశి యూదులలో ఒక వర్గాన్ని విముక్తులని పిలిచేవారు. దాస్యం నుంచి విడుదలైనవారి సంతతి అన్నది ఆ పేరుకు అర్థం. ఒకే దేవుణ్ణి కొలిచినా, ఒకే వీధిలో ఉన్నా, వారికి మందిరంలో సమాన స్థానం లేదు. బల్లల మీద కూర్చునే హక్కు గానీ, ధర్మగ్రంథ పఠనానికి పిలుపు గానీ వారికి ఉండేవి కావు. బయటివారి చేతిలో వివక్షను తప్పించుకుని వచ్చిన సముదాయం తనలో తాను మరో వివక్షను పెంచి పోషించింది.

ఆ వర్గంలో 1882లో పుట్టిన అబ్రహాం బరాక్ సేలం మద్రాసులో చదివి న్యాయవాది అయ్యారు. కొచ్చి సంస్థానపు శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. 1929 నాటి లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్లారు. పడవ కార్మికులను సంఘంగా కూడగట్టారు. గాంధీజీ దేశానికి నేర్పిన సత్యాగ్రహాన్ని ఆయన తన సొంత ప్రార్థనా మందిరంలో ప్రయోగించారు. అవమానాన్ని సహించక కొన్నాళ్లు మందిరాన్ని బహిష్కరించారు, మరికొన్నాళ్లు నిషిద్ధమైన చోటనే కూర్చున్నారు. సంవత్సరాల తరబడి సాగిన ఆ నిరసన ఫలితంగా కట్టుబాట్లు ఒక్కొక్కటిగా సడలాయి. యూదు వీధికి నేడు ఆయన పేరే ఉంది. ఆ వీధిలో పురాతన వస్తువులు బేరమాడే వేలమందిలో ఆ పేరు వెనుక కథ తెలిసినవారు కొద్దిమందే. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక యూదులలో అత్యధికులు వలస వెళ్లారు. పదిమంది వయోజన పురుషులు లేనిదే వారి సామూహిక ప్రార్థన జరగదు. ఆ పదిమందిని స్థానికంగా సమకూర్చుకోగల స్థితి మట్టాంచేరికి ఎప్పుడో దాటిపోయింది.

యూదు వీధి నుంచి పడమటి దిక్కుగా కొంత దూరం నడిస్తే చెర్లాయి వస్తుంది. గోవాలో పోర్చుగీసుల మత నిర్బంధం భరించలేక తరలివచ్చిన కొంకణీ బ్రాహ్మణులు ఇక్కడ స్థిరపడ్డారు. వారి ఆలయం పేరు వింటే తెలుగు యాత్రికుడు ఒక్క క్షణం ఆగిపోతాడు. అది కొచ్చిన్ తిరుమల దేవస్వం, అందులోని మూలమూర్తి వేంకటేశ్వరుడు. ఏడుకొండలవాడి పేరు అరేబియా సముద్రపు ఒడ్డున కొంకణీ నోటి వెంట వినిపించడం ఈ దేశపు అల్లికకు చక్కని ఉదాహరణ.

అయితే ఈ గుడికీ ఒక గాయం ఉంది. కొంకణీ వర్తకులు డచ్చి కంపెనీ రక్షణలో ఉండేవారు. వారి సంపద మీద, వారి స్వతంత్ర ప్రతిపత్తి మీద కొచ్చి పాలకుడు శక్తన్ తంపురాన్‌కు కన్నెర్రగా ఉండేది. 1791లో ఆ విరోధం రక్తపాతానికి దారితీసింది. ప్రముఖ వర్తకులు హతులయ్యారు. మిగిలినవారు తమ దేవుడి విగ్రహంతో సహా తిరువితాంకూరుకు పారిపోయారు. ఆ విగ్రహం కొచ్చికి తిరిగి రావడానికి 19వ శతాబ్దం మధ్యకాలం దాకా పట్టింది. యూదులకు స్థలమిచ్చిన సింహాసనమే కొంకణీల మీద కత్తి దూసింది. రాజు దయ మీద ఆధారపడిన సామరస్యం రాజు మనసు మారేదాకానే నిలుస్తుంది. హక్కుకూ దయకూ మధ్య తేడా తెలుసుకోవడానికి రాజ్యాంగ గ్రంథాలే తిరగేయనక్కరలేదు, చెర్లాయి గుడి ముందు నిలబడినా చాలు.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి బజారు రోడ్డు పడితే దారి ఉత్తరంగా ఫోర్ట్ కొచ్చి వైపు సాగుతుంది. కుడివైపు ఉప్పుటేరు, దాని ఒడ్డునే వరుసగా పెంకుటి గిడ్డంగులు. మిరియాలు, శొంఠి, యాలకులు, బియ్యం, కొబ్బరి పీచు పడవల్లో ఒక గుమ్మానికి వచ్చి, రెండో గుమ్మం గుండా వీధిలోకి చేరేవి. ఆ బస్తాలను మోసిన భుజాల చరిత్రే మట్టాంచేరి అసలు చరిత్ర.

1920లో కొచ్చికి వచ్చిన ఇంజనీరు రాబర్ట్ బ్రిస్టో రేవు ముఖద్వారంలోని ఇసుకమేటను తొలిపించి, ఆ మట్టితోనే విల్లింగ్డన్ దీవిని నిర్మించాడు. 1928లో పద్మ అనే ఓడ లోపలి రేవులోకి ప్రవేశించింది. రేవు ఆధునికమైంది కానీ రేవులో పని దొరికే పద్ధతి మాత్రం మారలేదు. దానిని చాప్ప అనేవారు. చాప్ప అంటే లోహపు బిళ్ల. ఓడ వచ్చిన రోజున వందలాది మంది కూలీలు గుమిగూడేవారు. మేస్త్రీ గుప్పెడు బిళ్లలను గుంపు మీదికి విసిరేవాడు. బిళ్ల దొరికినవాడికి ఆ పూట పని, దొరకనివాడికి ఆ పూట పస్తు. తోపులాటలో కాళ్లూ చేతులూ విరిగేవి. పక్కింటివాడు, తోబుట్టువు, ఒకే మసీదులో నమాజు చేసేవాడు, ఒకే చర్చిలో మోకరిల్లేవాడు, ఆ క్షణంలో అందరూ ఒకరికొకరు శత్రువులే. ఆకలి మీద ఇంతకన్నా క్రూరమైన వేలంపాటను ఊహించడం కష్టం.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో రేవు కార్మికుల ఉపాధిని క్రమబద్ధం చేసే చట్టాన్ని కేంద్రం తెచ్చింది. చట్టం పుస్తకంలో ఉండగానే మట్టాంచేరిలో బిళ్లలు ఎగురుతూనే ఉన్నాయి. ఈ పద్ధతి మీద, బిళ్లల పంపకంపై పెత్తనం ఎవరిదన్న దాని మీద 1953లో రాజుకున్న వివాదం సుదీర్ఘ సమ్మెగా మారింది. తిరువితాంకూరు కొచ్చి రాష్ట్రంలో అప్పుడున్నది ఎ.జె. జాన్ నాయకత్వంలోని ప్రభుత్వం. సెప్టెంబరు 15న పోలీసులు కార్మికుల మీద కాల్పులు జరిపారు. సైదు, సైదలవి, ఆంటొనీ అనే ముగ్గురు కార్మికులు ఆ పోరాటంలో ప్రాణాలు కోల్పోయారు. తరువాతి సంవత్సరాలలో డాక్ కార్మిక బోర్డు ఏర్పడి, పేర్లు నమోదై, వంతుల వారీగా పని దొరికే ఏర్పాటు జరిగాక చాప్ప శకం ముగిసింది. ఈ ఉదంతం మీద కె.ఎం. చిదంబరన్ రాసిన నాటకం ఆధారంగా రాజీవ్ రవి దర్శకత్వం వహించిన తురముఖం చిత్రం 2023లో విడుదలైంది.

ఆ మూడు పేర్లను మరొకసారి చదవాలి. ఇద్దరు ముస్లింలు, ఒక క్రైస్తవుడు. వారు చనిపోయింది మసీదు కోసమో చర్చి కోసమో కాదు. మనిషి ముందు బిళ్ల విసరకూడదన్న ఒక్క న్యాయం కోసం. మట్టాంచేరి చరిత్రలో సామరస్యం, సమానత్వం చెట్టపట్టాలు వేసుకున్న ఘట్టం ఏదని అడిగితే, రాజప్రాసాదం నీడకన్నా ముందు ఈ సమ్మెను చూపాలి.

ఓడల సరుకు విల్లింగ్డన్ దీవికి, తరువాత కంటైనర్లకు మళ్లింది. 2011లో వల్లార్‌పాడం కంటైనర్ టెర్మినల్ ప్రారంభమయ్యేసరికి బజారు రోడ్డు గిడ్డంగులు చాలామటుకు బోసిపోయాయి. ఆ ఖాళీలోకి కళ వచ్చింది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు చిత్రకారుల చొరవతో 2012 డిసెంబరు 12న కొచ్చి ముజిరిస్ బినాలె మొదలైంది. 1867 నాటి ఆస్పిన్‌వాల్ కంపెనీ ఆవరణ, పెప్పర్ హౌస్, డేవిడ్ హాల్, పాత గిడ్డంగులు ప్రదర్శనశాలలయ్యాయి. కూలిపోవలసిన కప్పులు నిలిచాయి, గోడలకు రంగులు వచ్చాయి. విదేశీ రాజధానులకు వెళ్లలేని సామాన్యులు ప్రపంచ సమకాలీన కళను తమ వీధిలోనే చూశారు. దఖ్నీ ముస్లిం కుటుంబంలో పుట్టిన గాయకుడు మెహబూబ్ మెహఫిళ్లతో ఎన్నడో సంగీతం మప్పిన పేట ఇది. కళ ఇక్కడికి పరాయిదేమీ కాదు.

కానీ కళ వెంట పెట్టుబడి వస్తుంది, పెట్టుబడి వెంట అద్దెలు వస్తాయి. గిడ్డంగి కాఫీ దుకాణమైతే, ఇల్లు యాత్రికుల విడిదైతే, ఆ పక్క సందులో ఇరుకు గదుల్లో తరాలుగా ఉన్న హమాలీ కుటుంబం ఎక్కడికి వెళ్లాలన్నది కళా ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న. ఐరోపా సైన్యాల దుస్తులు ఉతకడానికి తమిళ ప్రాంతం నుంచి వచ్చిన వన్నార్ల వారసులు నేటికీ ఫోర్ట్ కొచ్చి ధోబీఖానాలో బట్టలు ఉతుకుతూనే ఉన్నారు. ఒడ్డున చీనా వలలను నలుగురైదుగురు జాలరులు కలిసి తాళ్లు లాగితే గానీ ఎత్తలేరు. యాత్రికుల ఛాయాచిత్రాల్లో వీరంతా దృశ్యాలే. వారికి ఆ రోజు కూలి ఎంత దక్కిందో, రేపు ఆ చోటు వారికి ఉంటుందో లేదో ఛాయాచిత్రం చెప్పదు.

వారసత్వ రక్షణ అనే మాటకు మన నగరపాలకులు సున్నం, రంగు, నామఫలకం అనే అర్థాలే ఇస్తున్నారు. కట్టడంతో పాటు అందులో పనిచేసినవారి జ్ఞాపకాన్ని, చుట్టూ నివసించేవారి హక్కును కాపాడినప్పుడే ఆ మాట సార్థకమవుతుంది. విశాఖ రేవుకైనా, చార్మినారు పరిసరాలకైనా ఇదే కొలమానం వర్తిస్తుంది.

చాప్ప పోయి దశాబ్దాలు గడిచాయి. అయినా నేటికీ హైదరాబాదు, విజయవాడ కూడళ్లలో తెల్లవారకముందే అడ్డా మీద కూలీలు నిలబడతారు. మేస్త్రీ బండి ఆగగానే అందరూ ఒక్కసారిగా దాని మీదికి ఎగబడతారు. అతడు వేలు చూపిన నలుగురికి ఆ పూట పని దొరుకుతుంది, మిగిలినవారు మళ్లీ రోడ్డు వైపు చూస్తారు. విసిరే బిళ్ల ఒక్కటే లేదు.