కన్ను సహించిన పదార్థము

కంటిలో నలుసు పడినచో గడియసేపైన మనకు నిలుకడ యుండదు. కన్నెఱ్ఱబడును, నీరు కార్చును. అట్టి కన్ను పరపదార్థమును జీవితాంతము తనలో నుంచుకొనునా? ఉంచుకొనుననుటకు నేనే సాక్షిని. నా కుడికంటి శుక్లమును తీసి వైద్యులు ప్లాస్టిక్కు కటకము నమర్చిరి. అది నాలో నున్నదన్న మాటయే నాకు స్ఫురింపదు. ఈ సఖ్యమెట్లు కుదిరినదో విన్నవించెదను.

మన దేశమున సుశ్రుతసంహిత నాటికే శుక్లమునకు చికిత్స కలదు. మసకబాఱిన కటకమును సూదివంటి పరికరముతో పక్కకు త్రోసెడివారు. 18వ శతాబ్దమున ఐరోపా వైద్యులు దానిని వెలికిదీయ నేర్చిరి. కాని తీసినచోట నేమియు పెట్టలేదు. మన పెద్దలు ధరించిన సోడాబుడ్డి కళ్లద్దములు ఆ లోటును పూడ్చుటకే.

1940 ఆగస్టు 15న ఇంగ్లండు గగనమున జరిగిన పోరులో గోర్డన్ క్లీవర్ అను వైమానికుని హరికేన్ విమానపు కప్పు పగిలి, దాని ముక్కలు కన్నులలో దిగెను. ఆ కప్పు గాజు కాదు, పెర్‌స్పెక్స్ అను ప్లాస్టిక్కు. ఒక కంటి చూపు పోయెను. రెండవ కంటిలో ముక్కలు నిలిచిపోయెను. ఇట్టి క్షతగాత్రులను పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ అను నేత్రవైద్యుడొక వింత గమనించెను. ఆ ముక్కలు కంటిలో నిమ్మళముగా నున్నవి. వాడియంచు కదలెడు భాగమును రాచుకొన్నచోట మాత్రమే వాపు.

పిదప నొక విద్యార్థి, శుక్లచికిత్స చూచి, “తీసినదానికి మాఱు పెట్టరా?” యని రిడ్లీ నడిగెను. 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో రిడ్లీ ఆ పనికి పూనుకొనెను. సాధారణ ప్లాస్టిక్కులో మిగిలిన ముడిద్రవ్యములు కంటిలోనికి ఊరును గనుక ప్రత్యేకముగా శుద్ధిచేసిన సరకు తెప్పించెను. అయినను తొలి రోగికి మిక్కిలి హ్రస్వదృష్టి కలిగెను. సహజకటకముకంటె ప్లాస్టిక్కు వెలుగును అధికముగా వంచుటయే కారణము. కొందఱికి కన్ను వాచెను. కటకమును శుద్ధిచేసిన మందు దానినంటి యుండుట ఇందుకొక హేతువని తలచిరి. కొన్ని కటకములు జాఱెను. కొన్నిటిని తీసివేయవలసి వచ్చెను. కంటిలో పడినదానిని తీయవలసిన వైద్యుడే మఱొకటి పెట్టుట తగునా యని పెద్దలాక్షేపించిరి.

ఆక్షేపణలో కొంత న్యాయమున్నది, ఏలయన బాధపడినది రోగులే. కాని ప్రతి వైఫల్యమును ఒక్కొక్క దిద్దుబాటు నేర్పెను. శుద్ధిచేయు విధానము మాఱెను, అంచులు నునుపయ్యెను, కటకము పలుచనయ్యెను. సహజకటకపు సంచిలోనే దానిని నిలుపు పద్ధతి స్థిరపడెను. పదార్థము మంచిదైనంత మాత్రమున చాలదు. దాని శుద్ధి, రూపము, స్థానము మూడును కుదిరినపుడే దేహము దానిని సహించును. 1992లో మధురలో ఆరోలాబ్ వారు ఈ కటకములను చవకగా చేయ నారంభించుటచే పేదలకును ఇవి అందుబాటులోనికి వచ్చెను.

వృద్ధాప్యమున క్లీవరు కంటికి శుక్లము వచ్చినపుడు వైద్యులు అందమర్చినది ప్లాస్టిక్కు కటకమే. రిడ్లీయు తన ముదిమిలో, తాను పనిచేసిన వైద్యశాలలోనే, అట్టి కటకమును పెట్టించుకొనెను.