తునికి చెట్టు: పేరు కర్రది, బతుకు ఆకుది

ఈ ఎపిసోడ్ రాజంపేట వైపు అడవి గురించి. రాయలసీమ రాజంపేట కాదు, మన కామారెడ్డి రాజంపేట. ఈ జిల్లాలో అడవి అనగానే అందరూ పోచారం పేరే చెప్తారు. నిజాం వేటాడిన అడవి, 1952లో అభయారణ్యం అయింది. జింకల మీద, 1922లో కట్టడం పూర్తయిన చెరువు మీద వీడియోలు చాలానే ఉన్నాయి. నేను ఒక్క చెట్టు గురించే చెప్తా. తునికి.

టేకు, నల్లమద్ది, మోదుగల మధ్య దానంతటదే పెరిగే చెట్టు ఇది. నరికినా వేర్ల నుంచి మళ్ళీ పిలకలేస్తది. దీని పండ్లు మనుషులూ తింటారు, ఎలుగుబంట్లూ తింటాయి.

సామర్లకోటలో పనిచేసిన స్కాట్లాండ్ డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్, 1795లో అచ్చు మొదలైన తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో దీనికి డయోస్పైరోస్ మెలనోజైలాన్ అని పేరు పెట్టాడు. మెలనోజైలాన్ అంటే గ్రీకులో నల్ల కర్ర. ముదురు చెట్టు చేవ నల్లగా ఉంటది కదా, అది చూసి పెట్టిన పేరు. మన ఫారెస్టు కాగితాల్లో ఏముంటదంటే, అబ్నూస్ ఆకు. అబ్నూస్ అన్నా ఉర్దూలో ఆ నల్ల కర్రే! కోడ్ రాసినోణ్ణి కాబట్టి నాకైతే వేరియబుల్‌కి తప్పు పేరు పెట్టినట్టే అనిపిస్తది. ఎందుకంటే మన దగ్గర ఈ చెట్టు విలువంతా ఆకులోనే ఉంది.

ఎండాకాలం ముందు కొమ్మలు కొడతారు. ఏప్రిల్, మే నెలల్లో లేత ఆకు వస్తది. తెంపి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలు ఒక బస్తా, అంటే 50,000 ఆకులు. ఆ ఆకును కత్తెరతో కోసి, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది కామారెడ్డి, నిజామాబాద్ ఊళ్ళ ఆడవాళ్ళు.

1971లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వమే చేతిలోకి తీసుకుంది. 1972 వన్యప్రాణి చట్టం అభయారణ్యంలోంచి ఏదీ తేవడానికి లేకుండా గట్టి అడ్డు పెట్టింది. అంటే హద్దు రాయికి ఇటున్న తునికి ఆకు బీడీ అవుతది, అటున్నది రాలిపోతది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం తునికాకు పేరెత్తి మరీ, తరతరాలుగా ఏరుకుంటున్న అడవి బిడ్డలకు దానిమీద హక్కుందని రాసింది. ఆ చట్టం లెక్కలో అడవి అంటే అభయారణ్యం కూడా. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న హక్కు ఏ ఊరికి అందింది, ఏ ఊరికి అందలేదు, అసలు కథ అక్కడుంది. వచ్చే ఎపిసోడ్‌లో కట్ట రేటు దగ్గర మొదలుపెడదాం.