కనిపెట్టుకుని ఉండేవాళ్ళు: పాలమూరు హిజ్రా, ట్రాన్స్ సముదాయాల ఆరోగ్యం, అప్పు, ఆదరణ

2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున 33 మైత్రి ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లను ప్రారంభించింది. ఆ లెక్కన పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్, నుంచి విడిపోయిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకూ తలా ఒకటి దక్కింది. రెండు నెలలు తిరిగేసరికి హైదరాబాదు నారాయణగూడలో నాలుగేళ్ళుగా నడుస్తున్న మిత్ర్ క్లినిక్ మూతపడింది. పేర్లు దాదాపు ఒకటే. మైత్రి సర్కారుది, సర్కారు నిర్ణయంతో పుట్టింది. మిత్ర్‌ను ట్రాన్స్ వ్యక్తులే నడిపారు, అమెరికా డబ్బుతో నిలబెట్టారు. మూతపడిన చోట నిజానికి ఏం పోయిందో తేల్చుకుంటే తప్ప, తెరుచుకున్న చోట ఏం ఉండాలో చెప్పలేం. ఈ వ్యాసం ఆ ప్రయత్నం.

ముందే ఒక మాట. ఇందులో వ్యక్తుల జీవిత కథలు లేవు. హైదరాబాదులో ఒకరి కథ చెబితే అది కథగానే మిగులుతుంది. వనపర్తిలో చెబితే సాయంత్రానికల్లా ఏ వీధి, ఎవరింటి బిడ్డ అని పోల్చుకుంటారు. అందుకే కోర్టు తీర్పులు, ప్రభుత్వ లెక్కలు, అచ్చయిన పరిశోధనలు, పత్రికల్లో వచ్చిన సమాచారం, వీటికే పరిమితమయ్యాను.

సంరక్షణ అనే మాట మన వైద్య పుస్తకాల్లో బాగానే చెల్లుతుంది గానీ ఇళ్ళల్లో ఎవరూ వాడరు. జ్వరం వచ్చినవాళ్ళ పక్కన రాత్రంతా కూర్చున్నవాళ్ళను "కనిపెట్టుకుని ఉంది" అంటాం. ఆ మాటలో చూపు ఉంది, ఓపిక ఉంది, కాస్త కాపలా కూడా ఉంది. హిజ్రా ఇళ్ళలో గురువుకూ చేలాకూ, అంటే శిష్యురాలికీ, మధ్య ఉండే సంబంధానికి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకు దొరకలేదు.

హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల మధ్య క్షేత్రపరిశోధన చేసి గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథం ఈ సంబంధాలను వివరంగా నమోదు చేసింది. రీత్ అనే తంతుతో చేలా ఒక ఇంటికి చెందుతుంది. గురువు తల్లి కాదు, యజమాని కాదు, రెండూ కొంత కొంత. గురువు గురువు నాని. వీటికి తోడు దూద్ సంబంధాలు ఉంటాయి. పాలు పంచుకుని తల్లీకూతుళ్ళయినవాళ్ళ మధ్య అధికారం తక్కువ, ఆపేక్ష ఎక్కువ. నిర్వాణం, అంటే పురుషాంగం తొలగించే క్రతువు, చేయించుకున్న మనిషిని 40 రోజుల పాటు గడప దాటనివ్వకుండా, తిండి నియమంతో ఇంటివాళ్ళే సాకుతారు. ఆసుపత్రి గడప తొక్కనివ్వని కాలంలో ఆ కోత కోసే దాయమ్మ చేతి కత్తికీ చావుకీ మధ్య నిలబడింది ఆ 40 రోజుల సేవే. దాన్ని ఆకాశానికెత్తనక్కర్లేదు, ఆ పద్ధతిలో ప్రాణాలు పోయిన మాటా నిజమే. అయితే శస్త్రచికిత్స తరవాత కోలుకునే కాలాన్ని ఒక సామాజిక బాధ్యతగా గుర్తించిన ఏర్పాటు మన ఆసుపత్రుల కన్నా ముందే అక్కడ ఉంది.

ఈ ఆదరణ ఊరికే రాదు. చేలా సంపాదనలో గురువుకు వాటా ఉంటుంది. జబ్బు చేసినప్పుడు పెట్టిన ఖర్చు, నిర్వాణానికి పెట్టిన ఖర్చు లెక్కలోకి ఎక్కుతాయి. గురువును మారాలంటే కొత్త గురువు పాత గురువుకు సొమ్ము కట్టాలి.

పాలమూరు పాఠకులకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. ఈ జిల్లాల నుంచి తరతరాలుగా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోయడానికి పోయిన కూలీలను దేశమంతా "పాలమూరు లేబర్" అనే పిలిచింది. కూలీలను కుదుర్చుకునే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పెళ్ళి అవుతుంది, ఆసుపత్రి అప్పు తీరుతుంది, మనిషి మాత్రం ఏడాది పాటు మేస్త్రీకి చెందుతాడు. జబ్బు చేస్తే దూరదేశంలో చూసేదీ ఆ మేస్త్రీయే, కూలిలో కోసుకునేదీ అతనే. ఆదరణా అప్పూ ఒకే చేతి మీదుగా రావడం ఈ నేలకు బాగా అలవాటైన అనుభవం. గురు-చేలా బంధాన్ని వింత ఆచారంగా చూపే రాతలు చాలా చదివాను. పేదరికంలో భరోసా దొరికే తీరు చాలా చోట్ల ఇలాగే ఉంటుందని వాటిలో ఒక్కటీ అనదు.

ఊళ్ళో ఉండిపోయేవాళ్ళ సంగతి వేరు. ఎల్లమ్మ, మల్లన్న కొలుపుల్లో పసుపు పూసుకుని, చీర కట్టి, పూనకంతో ఊగే శివసత్తుల్లో మగబిడ్డలుగా పుట్టినవాళ్ళూ ఉంటారు. కృష్ణ దాటితే రాయచూరు వైపు జోగప్పలు ఇదే కోవకు చెందినవాళ్ళు. జాతర నాడు కాళ్ళు మొక్కిన మనిషికి మర్నాడు కిరాయికి గది ఇవ్వరు. హిజ్రా ఇంటికి చెందనివాళ్ళకు, మగవాళ్ళుగా బతుకుతూనే ఆడతీరు చూపే కోతీల్లో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళకు, ఆడపిల్లలుగా పుట్టి మగవాళ్ళుగా బతకాలనుకునే ట్రాన్స్ పురుషులకు గురువు నీడ కూడా లేదు. చివరివాళ్ళ గురించి మళ్ళీ వస్తాను.

ఈ సముదాయాలు ప్రభుత్వాన్ని ఆరోగ్య శాఖ రూపంలో కాక పోలీసు రూపంలో ముందు ఎరిగాయి. నిజాం ఏలుబడిలో 1329 ఫస్లీ నాటి, అంటే 1919 నాటి, చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించమంది. ఆడవేషంతో బహిరంగంగా పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. "తెలంగాణ యూనక్స్ చట్టం" అనే పేరుతో అది మొన్నమొన్నటి దాకా పుస్తకాల్లో బతికే ఉంది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్లను ట్రాన్స్ వ్యక్తులకూ వర్తింపజేయాలని ఆ తీర్పులోనే చెప్పింది. ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకున్న 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పుకూ దీనికీ మధ్య తొమ్మిదేళ్ళు. ఇక 2020 మార్చిలో హైదరాబాదు అమీర్‌పేట ప్రాంతంలో, హిజ్రాలతో మాట్లాడితే కరోనా వస్తుందంటూ పోస్టర్లు వెలిశాయి. రిజిస్టరు పోయినా అనుమానం పోలేదు.

ఆరోగ్య శాఖ ఈ మనుషులను చూడటం మొదలుపెట్టింది హెచ్ఐవీ పుణ్యమా అని. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవాహన్ ప్రారంభించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పీర్ ఎడ్యుకేటర్ల వ్యవస్థ పెరిగింది. సముదాయం మనిషే తన తోటివాళ్ళ దగ్గరికి వెళ్ళి కండోమ్ ఇవ్వడం, పరీక్షకు తీసుకెళ్ళడం దాని పని. చాలామంది ప్రాణాలు నిలిచాయి, అనుమానం లేదు. 2021 నిఘా సర్వే ప్రకారం దేశంలో హిజ్రా, ట్రాన్స్ వ్యక్తుల్లో హెచ్ఐవీ 3.78 శాతం, అదే ఏడాది అంచనాల్లో మొత్తం వయోజనుల్లో 0.21 శాతం. కాబట్టి ఆ పని అవసరమే. చిక్కల్లా ఆ పని మనిషిని ఒక అవయవంగా కుదించడంలో ఉంది. కండోములకు లెక్క ఉంది, నిద్ర పట్టని రాత్రులకు లేదు. రొమ్ములు పెరగడానికి మందుల షాపులో కొని రోజుకు నాలుగేసి గర్భనిరోధక మాత్రలు మింగేవాళ్ళ లెక్క అసలే లేదు. వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ట్రాన్స్ మహిళల హార్మోన్ చికిత్సలో దాన్ని వద్దంటారు. ఈ సంగతి చెప్పడానికి పెద్ద సూపర్ స్పెషాలిటీ వైద్యమేమీ అక్కర్లేదు, అడిగితే తిట్టని డాక్టరు కావాలి.

2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ సరిగ్గా ఆ ఖాళీలోకి వచ్చింది. అమెరికా ప్రభుత్వ సాయంతో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం సాంకేతిక తోడ్పాటుతో మొదలైన దీన్ని ట్రాన్స్ వ్యక్తుల కోసం వాళ్ళే నడిపిన దేశపు తొలి క్లినిక్‌గా చెబుతారు. తరవాత ఠాణె దగ్గర కల్యాణ్‌లో, పుణెలో ఇలాంటివే వెలిశాయి. హైదరాబాదులో రచన ముద్రబోయిన నాయకత్వం వహించారు. హార్మోన్ సలహా, మానసిక ఆరోగ్యం, హెచ్ఐవీ, సుఖవ్యాధుల పరీక్షలు, చట్టసాయం ఒకే కప్పు కింద దొరికేవి. నెలకు 150 నుంచి 200 మంది వచ్చేవారు. నెల ఖర్చు రమారమి 2.5 లక్షల రూపాయలు. భాగించి చూస్తే మనిషికి 1,250 నుంచి 1,670 రూపాయల మధ్య పడుతుంది. కార్పొరేట్ ఆసుపత్రిలో స్పెషలిస్టు ఫీజూ రెండు రక్తపరీక్షలూ కలిస్తే ఆ మొత్తం దాటిపోతుంది.

నా వాదనకు ఈ లెక్క ముఖ్యం. మిత్ర్ చేసిన పని హిజ్రా ఇంట్లో ఎప్పటి నుంచో జరుగుతున్న పనే: తోటి మనిషి పక్కన కూర్చుంటుంది, సిగ్గుపడకుండా అడగనిస్తుంది, మందు వేసుకున్నావా అని కనుక్కుంటుంది. మార్పు ఒక్కటే. ఆ పనికి నెలజీతం వచ్చింది. కనిపెట్టుకుని ఉన్న మనిషికి డబ్బు ఇంకోచోటి నుంచి వస్తుంది గనుక రోగి ఆమెకు బాకీ పడలేదు. ఆదరణ మొదటిసారి అప్పు నుంచి విడిపడింది. "సముదాయం నడిపే ఆరోగ్యం" అనే మాటను సభల్లో ఎంత తేలిగ్గా వాడినా, దాని సారం ఈ జీతాల రిజిస్టరులోనే ఉందని నేననుకుంటాను.

క్లినిక్ మరో పని కూడా చేసింది. ఎంబీబీఎస్ చదివి, ట్రాన్స్ అని తెలియగానే ప్రైవేటు ఆసుపత్రులు గుమ్మం చూపించిన ఇద్దరు డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్, అక్కడ పనిచేశారు. 2022 నవంబరులో ఆ ఇద్దరూ ఉస్మానియా జనరల్ ఆసుపత్రి ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల) కేంద్రంలో చేరి, రాష్ట్రంలో సర్కారు కొలువు పొందిన తొలి ట్రాన్స్ డాక్టర్లయ్యారు.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ దెబ్బకు మూడు క్లినిక్‌లూ మూతపడ్డాయి. అదే రోజు సంతకమైన ఇంకో ఉత్తర్వు అమెరికా లోపల ట్రాన్స్ గుర్తింపునకు సంబంధించిన పనులకు ప్రభుత్వ నిధులు వద్దంది. అక్కడ ఆ వేటు బలంగా తగిలేది నల్లజాతి ట్రాన్స్ మహిళలకు. 2019-20లో ఏడు అమెరికా నగరాల్లో జరిగిన ప్రభుత్వ సర్వేలో పాల్గొన్న నల్లజాతి ట్రాన్స్ మహిళల్లో 62 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. వాళ్ళకూ ఇళ్ళున్నాయి. న్యూయార్కు బాల్‌రూమ్ లోకంలో క్రిస్టల్ లాబేజా లాంటివారు నెలకొల్పిన "హౌస్"లలో ఒక తల్లి ఉంటుంది, ఇంట్లోంచి గెంటేసిన పిల్లలను ఆమె సాకుతుంది. డెట్రాయిట్ బాల్‌రూమ్ మీద 2013లో పుస్తకం రాసిన మార్లన్ బెయిలీ, ఎయిడ్స్ నివారణలో ఈ ఇళ్ళు చేసే ఆదరణ పనిని శ్రమగానే చూడాలని వాదించాడు. జాతిని కులంతోనో, లాబేజా ఇంటిని లష్కర్, అంటే సికింద్రాబాదు, హిజ్రాల హవేలీతోనో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. రెండు చోట్లా తల్లులు జీతం లేకుండా చేస్తూ వచ్చిన పనికి కొన్నాళ్ళు జీతం దొరికింది, ఆ జీతం ఒకే ఖజానా నుంచి వచ్చింది, ఒకే రోజు ప్రమాదంలో పడింది. ఇంతవరకే నా పోలిక.

నారాయణగూడ క్లినిక్ 2025లోనే టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో మళ్ళీ తెరుచుకుంది. సంతోషమే. దాత మారినా దాత మీద ఆధారపడటం మారలేదు. అందుకే జిల్లా క్లినిక్‌ల ప్రశ్న పెద్దది: అవి బడ్జెట్ మీద నిలబడగలవు, ఏ పరాయి దేశ ఎన్నికల ఫలితమూ వాటికి తాళం వేయజాలదు.

మూడు జిల్లాలకూ కొత్త వసతులు లేకపోలేదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ విడిపోయాక ఎక్కడికక్కడ కలెక్టరేట్లు వచ్చాయి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం ప్రకారం గుర్తింపు పత్రం ఇవ్వాల్సింది కలెక్టరే గనుక నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతం, నుంచి మహబూబ్‌నగర్ దాకా పోయే పని తప్పింది. ఆ పత్రం ఉంటేనే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏటా 5 లక్షల వరకు చికిత్సకు అర్హత. వనపర్తి, నాగర్‌కర్నూలుల్లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. హార్మోన్ల మోతాదు చూసి, కాలేయం, రక్తం పరీక్షలు రాయడం శిక్షణ ఉన్న జనరల్ మెడిసిన్ డాక్టరు చేయగలిగిన పనే.

గది, డాక్టరు, పత్రం అన్నీ అమరినా, గద్వాల లాంటి పట్టణంలో క్లినిక్ బోర్డు కింద నిలబడటమే ఒక ప్రకటన. ఓపీ చీటీ కోసం ఆడవాళ్ళ వరుసా మగవాళ్ళ వరుసా అన్న ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగేవాళ్ళుంటారు. హైదరాబాదులో అనామకంగా ఉండే సౌకర్యం ఉంది. ఇక్కడ కౌంటరులో ఉండేది మేనమామ కొడుకు కావచ్చు. హెచ్ఐవీ పరీక్ష ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతుంది. తెలిసినవాళ్ళ కళ్ళకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి ఇక్కడ జీతం మీద కూర్చోవాల్సిన సముదాయ మనిషి అవసరం హైదరాబాదు కన్నా ఎక్కువ. ఆ మనిషి ఆసుపత్రిలో కూర్చుంటే చాలదు, జమ్ములమ్మ జాతరకూ కురుమూర్తి జాతరకూ పోవాలి. ఊరు వదిలిపోయినవాళ్ళు ఊరి దాకా వచ్చేది అప్పుడే.

ట్రాన్స్ పురుషుల సంగతి చెబుతానన్నాను. హెచ్ఐవీ నిధుల భాషలో వాళ్ళు "ప్రమాదవర్గం" కారు, కనుక ఇరవై ఏళ్ళ కార్యక్రమాల్లో వాళ్ళకు పీర్ ఎడ్యుకేటర్ లేడు. 2011 జనగణన "ఇతరులు" అనే గడిలో దేశమంతా కలిపి 4,87,803 మందిని చూపింది. ఇంట్లో కుటుంబపెద్ద చెప్పిన సమాధానాన్ని రాసుకునే లెక్కలో, పదహారేళ్ళకే పెళ్ళి మాట ఎత్తే ఇంట్లో, పంచె కట్టాలనుకున్న అమ్మాయి ఆ గడిలోకి ఎలా వస్తుంది? ఈమెకు, నిజానికి ఇతనికి, గురువు అప్పు ఇవ్వదు, మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడు. ఇతని విషయంలో మైత్రి పాత బంధాన్ని మెరుగుపరచడం కాదు, లేనిదాన్ని మొదటిసారి కల్పించాలి.

జిల్లా మైత్రిలో అలాంటి డాక్టరూ సముదాయ మనిషీ కుదిరే దాకా, హార్మోన్ల గురించి తెలిసినవాళ్ళతో మాట్లాడాలంటే గద్వాల హిజ్రాకు హైదరాబాదు బస్సే దిక్కు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, నాలుగు గంటల పైన ప్రయాణం. పొద్దున పోతే రాత్రికి తిరిగి రావచ్చు. బస్సు ఛార్జీ, ఆ రోజు దుకాణాల దగ్గర అడిగి తెచ్చుకోవాల్సిన డబ్బు, రెండూ పోతాయి. వెళ్ళేముందు గురువుకు చెప్పాలి, లేదా అబద్ధం చెప్పాలి. డాక్టరు మూడు నెలలకు మళ్ళీ రమ్మంటాడు.