శిశుదినలేఖనము: కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు

దినచర్య యను మాటకు వైద్యశాస్త్రమున నొక యర్థమును, లోకవ్యవహారమున మఱియొక యర్థమును గలవు. వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానములోని రెండవ యధ్యాయమునకు దినచర్య యనియే పేరు. అచ్చట దాని యర్థము మనుష్యుడు ప్రతిదినము ఆచరింపవలసిన విధి. నేడు మనము డైరీ యని పిలుచునది జరిగిపోయిన దినమును గూర్చిన లేఖనము. మొదటిది కావలసినదానిని శాసించును. రెండవది అయినదానిని నిలుపును. పరుల బిడ్డను పగటివేళ కాపాడువారు ఆ బిడ్డ యేమి తినెనో, ఎంతసేపు నిద్రించెనో, ఏమి పలికెనో వ్రాసి సాయంకాలమున తల్లిదండ్రులకు తెలుపుట యీ రెండవ జాతిలో నొక చిన్న శాఖ. ఈ శాఖ చరిత్రను ఉత్తర తెలంగాణములోని కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల నాధారముగా గొని విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఈ రెండు జిల్లాలును విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాదు మున్నగు క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. ఇందు జిల్లాల పేరులు పూర్వపు విశాలార్థమున వాడబడినవి.

ఈ సీమకు వ్రాత క్రొత్త కాదు. కరీంనగరము జిల్లాలోని కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. అందలి తెలుగు కందపద్యములు మన పండితులకు సుపరిచితములు. ఆ శాసనము జినవల్లభుని యన్నయగు పంపకవిని కీర్తించుచున్నది. దానము, వంశము, విజయము, ధర్మము, ఇవియే శిలకెక్కిన విషయములు. పసిబిడ్డ గడపిన యొక దినము శిలకెక్కదు. అది దాది నోట, అవ్వ నోట పుట్టి, దీపము పెట్టువేళకు చెప్పుకొనబడి, మఱునాటికి మఱవబడును. కావున ఈ చరిత్రను వెదకువారు శాసనములను విడిచి వేఱు చోట్ల చూడవలెను.

దాది యను మాట ధాత్రీశబ్దభవము. చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయములో దాదిని పరీక్షింపవలసిన విధమును, కుమారాగారమును కట్టవలసిన తీరును వివరింపబడినవి. ఆటవస్తువులు చిత్రవర్ణములు గలవై, శబ్దము చేయునవై, బరువు లేనివై, వాడిమొనలు లేనివై, నోటిలో దూఱనివై, బిడ్డను భయపెట్టనివై యుండవలెనని గ్రంథకారుని మతము. ఇంత సూక్ష్మముగా బిడ్డను పరికించిన యా యధ్యాయము, దాది తాను చూచినదానిని వ్రాసి యుంచవలెనని మాత్రము విధింపలేదు. కారణము స్పష్టము. దాది తల్లి యున్న యింటనే యుండెను. చెప్పువారికిని వినువారికిని నడుమ గోడ యొక్కటియే. నోటిమాట చేరునంత చోట వ్రాత యక్కఱ లేదు. దూరము కలిగిననే వ్రాత పుట్టును.

ఇందులకు తెలుగున ప్రసిద్ధమగు నిదర్శనము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన 1830లో చెన్నపట్టణము వెడలి, హైదరాబాదు, నిర్మల, నాగపురముల మీదుగా కాశికి బోయెను. దారిలో చూచిన విషయములను దినక్రమమున వ్రాసి తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండెను. ఆ మిత్రుడే 1838లో ఆ గ్రంథమును ప్రకటించెను. ఎదుట లేనివాని దినమును ఇంటనున్నవాడు ఎఱుగుటకై పుట్టిన లేఖనమిది. ఆదిలాబాదు సీమలోని యడవులును కనుమలును అట్టి వ్రాతకు ఎక్కుటయు మన విషయమునకు అనుకూలమే.

బిడ్డ విషయమున ఇట్టి దూరము వీథిబడితో మొదలయ్యెను. బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికను బట్టి ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. తెలుగు, కన్నడములు అచ్చటి ప్రజల భాషలు. ఆ నివేదికలో నొక యాచారము చెప్పబడినది. ఉదయమున అందఱికంటె ముందు వచ్చిన బాలుని అఱచేత గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న వ్రాయుదురు. వాడు మెప్పునకును నిందకును అర్హుడు కాడని దాని భావము. మూడవవానికి మెల్లని దెబ్బ యొకటి, నాల్గవవానికి రెండు, పిమ్మట వచ్చినవారికి క్రమముగా ఒక్కొక్కటి ఎక్కువ. ఆ సున్నయు ఆ పేరును తాటాకున వ్రాసినవి కావు. కాగితమున వ్రాసినవి కావు. బిడ్డ చేతనే వ్రాసినవి కావున బిడ్డతోనే యింటికి పోవును. చదువురాని తల్లియు ఆ చేత అక్షరములున్నవో, సున్న యున్నదో, కందిన గుర్తున్నదో చూడగలదు. గురువు ఉద్దేశము పిల్లలను వేళకు రప్పించుటయే యైనను, బడిలోని దినము ఇంటికి తెలియుట దాని ఫలము. ఈ లేఖనమునకు రెండు లక్షణములు గలవు. ఒకటి, ఇది తల్లికి అందును. రెండు, ఇది వచ్చిన వరుస తప్ప బిడ్డను గూర్చి మఱేమియు చెప్పదు. ముందు చెప్పబోవు లేఖనములందు ఈ రెండు లక్షణములును తాఱుమాఱగుటను చదువరులు గమనింతురుగాక.

ఐరోపాఖండమున శిశుదినలేఖనము మొదట తండ్రుల చేతిపని. జర్మనీలో టీడెమాన్ 1787లోను, ఇంగ్లండులో డార్విన్ 1877లోను, మరల జర్మనీలో ప్రెయర్ 1882లోను తమ తమ బిడ్డల శైశవమును గూర్చిన పరిశీలనలను ప్రకటించిరి. వ్రాసినవారు తండ్రులు, చదివినవారు విద్వాంసులు. పరుల బిడ్డలను కాపాడువారు తల్లిదండ్రులకై వ్రాయుట తరువాతి కాలపు టాచారము. ఇంగ్లండులో పిల్లలను తమ యింట కాపాడువారు పేరు నమోదు చేసికొనవలెనని 1948లో చట్టము పుట్టెను. 2008లో అమలునకు వచ్చిన శిశువిద్యావిధానము తల్లిదండ్రులతో సమాచారము పంచుకొనుటను ముఖ్యధర్మముగా నెంచెను. బిడ్డ సంచిలో దినపుస్తకమును పెట్టి యింటికి పంపు అలవాటు అచ్చట పలువురు కాపరులయందు కలదు.

మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. ఆయనతో కలసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమున పల్లెపిల్లలకై శిశువిద్యాకేంద్రమును నెలకొల్పెను. పిల్లలు బడికి రాజాలని యెడల బడియే వారి ముంగిటికి పోవలెనని యామె మతము. అంగన్‌వాడి యను పేరు ఈ భావమునుండి వచ్చినది. అంగణమనగా ముంగిలియే కదా. బడి ముంగిటికి వచ్చిన యెడల దూరము తగ్గును. మరల నోటిమాటయే చాలును. ఐనను మన జిల్లాలలో అంగన్‌వాడితోపాటు వ్రాతయు బహుళముగా వచ్చినది. ఆ వ్రాత తల్లికొఱకు కాదు, కచేరికొఱకు.

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న దేశమునందు 33 ప్రాజెక్టులతో ప్రారంభమయ్యెను. అనుబంధాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, ఆస్పత్రికి పంపుట, ఆరోగ్యబోధ, పూర్వప్రాథమిక విద్య అను ఆఱు సేవలు దీని యంగములు. కార్యకర్త ఆ యూరి స్త్రీయే కావలెనని నియమము. తరువాత సంస్కరింపబడిన విధానమున ఆమె 11 రిజిస్టర్లు వ్రాయవలసి వచ్చెను: కుటుంబవివరములు, ఆహారపు నిల్వ, ఆహారపు పంపిణి, పూర్వప్రాథమిక విద్య, గర్భము ప్రసవము, టీకాలు, విటమిన్ ఏ, గృహసందర్శనము, ఆస్పత్రికి పంపినవారు, సంకలనము, తూనిక. వీనిని పరిశీలించిన యెడల ఒక విషయము తేటపడును. బిడ్డ వచ్చెనా, తినెనా, ఎన్ని కిలోలు తూగెను అను ప్రశ్నలకు ఇందు గడులు కలవు. బిడ్డ యేమి పలికెను, ఎవరితో నాడెను, దేనికి ఏడ్చెను అను ప్రశ్నలకు గడులు లేవు. నెలాఖరున మొత్తములు కట్టబడి సూపర్వైజరునకు, అచ్చటినుండి ప్రాజెక్టు అధికారికి, అచ్చటినుండి జిల్లాకు ఎక్కును. వీథిబడిలోని అఱచేతి వ్రాత ఇంటికి దిగెను. ఈ వ్రాత పైకి ఎక్కుచున్నది. తల్లికి తెలియవలసినది మాత్రము గృహసందర్శనమున నోటిమాటగనే చేరుచున్నది.

ఇందుకు ముఖ్యమగు అపవాదమొకటి కలదు. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున నైజీరియాలోని ఇమేసి గ్రామమున వైద్యుడు డేవిడ్ మోర్లీ బిడ్డల తూనికను నెలనెలకు చుక్కలుగా గుర్తించు పటమును ఏర్పఱచి, దానిని ఆస్పత్రిలో నుంచక తల్లుల చేతికే ఇచ్చెను. జపానులో 1942లో గర్భిణులకును, 1948లో తల్లీబిడ్డలకును చేపుస్తకములు ఈయబడినవి. మన యంగన్‌వాడులలోని ఎదుగుదల పటమును, తల్లీబిడ్డల రక్షణకార్డును ఈ కుటుంబమునకే చెందినవి. ఆకుపచ్చ పట్టెలో చుక్క యున్న బిడ్డ క్షేమము. పసుపు పట్టెకు దిగిన జాగ్రత్త. ఇంకను దిగిన అపాయము. ఈ కార్డు తల్లి యింటనే యుండును. అక్షరము రాని తల్లికిని రంగు తెలియును. 2011 జనాభా లెక్కలనాటికి ఆదిలాబాదు జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సగమునకు కొంచెము మాత్రమే మించియుండెను. అట్టి సీమలో రంగుపట్టె సరస్వతి వ్రాసిన యఱచేతికి నిజమైన వారసురాలు.

అక్షరము వచ్చినను చిక్కు తీఱదు. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు తమ తమ భాషలు మాటాడుదురు. 1940లో జోడేఘాటున కొమరం భీము మరణించిన పిదప హైమెండార్ఫు పండితుడు గోండుల స్థితిగతులను పరిశోధించెను. ఆయన ప్రేరణచే 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. గోండులే ఉపాధ్యాయులైరి. వాచకములు గోండి భాషలో, నాగరిలిపిలో సిద్ధమయ్యెను. బిడ్డను గూర్చి తల్లికి చెప్పదగిన భాష తల్లిభాషయే యని ఆ ప్రయత్నము ఎఱిగియుండెను. తరువాతి రిజిస్టర్లు తెలుగున వచ్చినవి. గోండి పలుకు బిడ్డ తొలిమాట తెలుగు పట్టికలో చేరుటకు తోవ లేకపోయెను.

కరీంనగరము వైపున చిక్కు వేఱు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో వేలకొలది స్త్రీలు తునికాకుతో బీడీలు చుట్టి జీవింతురు. 1966 నాటి బీడీ చుట్ట కార్మికుల చట్టము స్త్రీలు పెక్కుమంది పనిచేయు కార్ఖానాలలో శిశుగృహము ఉండవలెనని విధించెను. ఇంటి యరుగుమీద చేట యొడిలో పెట్టుకొని చుట్టు స్త్రీకి ఆ విధి చేరదు. ఆమె బిడ్డ ప్రక్కనే యుండును. కాని ఆమె చూపు ఆకుమీద నుండును. ఇచ్చట తల్లికిని బిడ్డకును నడుమ దూరము గజములతో కొలువబడునది కాదు, కట్టల లెక్కతో కొలువబడునది. మూడేండ్లు నిండి యంగన్‌వాడికి పోవు బిడ్డ పగలు నేర్చిన పాటను ఆమెకు ఎవరైన చెప్పిన తప్ప తెలియదు.

2021 మార్చి నెలలో పోషణ్ ట్రాకర్ అను ఫోను సాధనము వచ్చినది. కాగితపు పట్టికలలోని విషయములు అనేకములు దానిలోనికి చేరినవి. కార్యకర్తకు కూడికల భారము తగ్గుట మేలే. కాని మార్గము మాఱలేదు. వ్రాత మునుపటికంటె వేగముగా పైకి ఎక్కుచున్నది. మఱియు కాగితమున కార్యకర్త అంచున వ్రాసికొను చిన్న మాటకు, బిడ్డకు ఇంట పిలుచు ముద్దుపేరునకు, ఊరి యుచ్చారణకు ఫోనులో చోటు లేదు.

ఇక పరిశోధకుల కర్తవ్యము. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున గోండిలిపిలోని వ్రాతప్రతులు చిరకాలము గోండుల యిండ్లలో నుండి, ఈ శతాబ్దపు తొలి దశకమున విద్వాంసుల కంటబడినవి. ఆ లిపి 2018లో యూనికోడులో చేరినది. ఎవరో పోయి అడిగిరి గనుక అవి దక్కినవి. 1975 మొదలు ఈ సీమలో అంగన్‌వాడి స్త్రీలు వ్రాసిన పుస్తకములు కాలము తీఱిన కాగితములుగా నెంచబడక పూర్వమే వానిలో కొన్నింటినైన సేకరించి భద్రపఱచుట అవసరము. పల్లెస్త్రీలు తమ చేత్తో దినదినము వ్రాసిన గద్యము మన భాషలో అంత విరివిగా మఱియొక చోట దొరకుట యరుదు. పేరులు, ఆహారపదార్థములు, వ్యాధుల దేశ్యనామములు అందు నిండియున్నవి. బడిపంతుళ్ళు తమ గ్రామములలో నున్న యంగన్‌వాడికి పోయి, పాతపుస్తకము లెచ్చట నున్నవని అడుగుదురుగాక. అడుగునప్పుడే మఱియొక మాటయు అడుగవచ్చును: ఈ దినము ఏ బిడ్డ ఏ క్రొత్త మాట పలికెను? ఆ మాటను ఒక చీటిమీద, తల్లి యెఱిగిన భాషలో వ్రాసి యింటికి పంపుటకు చట్టము గాని, ధనము గాని అక్కఱ లేదు.