ఇంటి వయసు చెప్పిన దూలాలు

వంశవృక్షం అంటే కాగితం మీద పేర్లేనా? అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, డెడ్‌హామ్ ఊళ్లో ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు చూడండి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి వలస వచ్చిన జోనథన్ ఫెయిర్‌బ్యాంక్స్ కట్టించిన చెక్క ఇల్లిది. ఎనిమిది తరాలు ఇందులోనే బతికాయి.

మరి ఎప్పుడు కట్టారు? పెద్దవాళ్ల మాట ఒక్కటే చాలదు కదా! అందుకే దూలాల్లోని వలయాలు లెక్కపెట్టారు. చెట్టు ఏడాదికో వలయం వేస్తుంది. ఏడాది బాగుంటే వెడల్పుగా, కరువొస్తే సన్నగా. ఆ వరుసను తేదీ తెలిసిన చెక్కలతో పోల్చితే, చెట్టు నరికిన కాలం తెలిసిపోతుంది. ఇక్కడ తేలింది 1637-1641 మధ్య అని!

1904 నుంచి ఆ వంశస్థుల సంఘమే ఇంటిని కాపాడుతోంది. కూల్చేసి ఉంటే ఈ సాక్ష్యం ఎక్కడ దొరికేది?