కండరములను పుట్టించు జన్యువు

అరటిపండుపై ముసురు చిన్న ఈగ రెక్కలాడించుటకు కండరములు కావలెను. వానికి మూలమైన జన్యువేది? 1980 ప్రాంతమున జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నుస్లీన్-ఫోల్హార్డ్, వీషౌస్ అను శాస్త్రజ్ఞులు జన్యువులు చెడిన ఈగపిండములను పరీక్షించుచుండిరి. ఒక జన్యువు చెడినచో, కండరములు పుట్టవలసిన మధ్యత్వచమే ఏర్పడలేదు. పిండము గ్రుడ్డులోనే మెలితిరిగెను. అందుచే ఆ జన్యువునకు ‘ట్విస్ట్’, అనగా మెలి, అని పేరు వచ్చెను.

అయితే, లేనిచో పని జరగదనుట వేరు. ఉన్నచో జరుగుననుట వేరు. వత్తి లేనిదే దీపము వెలగదు, నిజమే. వత్తి యొక్కటే వెలుగునా? ఈ సందేహము 1996లో తీరెను. బేలీస్, బేట్ అనువారు చర్మము కావలసిన కణములలో ట్విస్ట్‌ను పనిచేయించిరి. అవి కండరముల దారి పట్టెను! మధ్యత్వచములోను ట్విస్ట్ హెచ్చినచోట శరీరకండరములు, తగ్గినచోట ప్రేవుల కండరముల వంటివి ఏర్పడుచున్నవి.