కోటరీ: గుడిసె నుంచి గద్దె దాకా

‘నాయకుడు మంచివాడే, చుట్టూ ఉన్న కోటరీయే ముంచింది.’ ఎన్నికల్లో ఓడిన ప్రతి పార్టీలోనూ వినిపించే మాట ఇది. చెవికి ‘కోట’ తగలడంతో రాజులు, దర్బారులు గుర్తొస్తాయి. నిజానికి ఈ మాటకు కోటతో చుట్టరికం లేదు, గుడిసెతో ఉంది.

మధ్యయుగపు ఫ్రాన్సులో ప్రభువు భూమిని ఉమ్మడిగా కౌలుకు చేసుకునే రైతుల జట్టును ‘కోతెరీ’ అనేవారు. గుడిసెలో కాపురముండే కౌలుదారు పేరు నుంచి పుట్టిందది. మనం వాడే ‘కాటేజీ’ కూడా ఆ వేరు నుంచి మొలిచిందే. కాలక్రమంలో పొలం పోయి జట్టు మిగిలింది. 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి, బయటివాళ్లను రానివ్వని పెద్దమనుషుల గుంపయింది. కష్టజీవుల మాట ఇలా చేతులు మారడం నాకు బాధగానే ఉంటుంది.

తెలుగు పత్రికల్లో దీనిది పూర్తిగా రాజకీయార్థం: అధికారంలో ఉన్నవారి చెవి దగ్గర కాపలా కాసే నలుగురు. ‘ఆంతరంగికులు’ అంటే గౌరవం, ‘కోటరీ’ అంటే నింద. అందుకే ‘నేను ఫలానావారి కోటరీలో ఉన్నాను’ అని ఎవరూ చెప్పుకోరు; అది ఎప్పుడూ ఎదుటివాళ్లు తగిలించే పేరు.

‘ముఠా’ను దీనికి బదులుగా వాడేవారున్నారు. నేను వాడను. దొంగల ముఠా ఉన్నట్టే మార్కెట్ యార్డులో బస్తాలు మోసే ముఠా కూలీలూ ఉన్నారు. వాళ్లది చెమటోడ్చే జట్టు.